ఇంట కట్టిన కారునకు బ్రేకు పైపుల మార్గము

పాత ఇంజనును, పాత ఇరుసులను కొనితెచ్చి ఇంటివద్దనే కారు కట్టు యువకులు మన సభ్యుల కుటుంబములలోను గలరు. వారి నేర్పును నేను మెచ్చుకొందును. కాని ఇంజనుకై నెలలు వెచ్చించి, బ్రేకు పైపులను కడపట మిగిలిన సందులలో దూర్చుట నాకు సమ్మతము కాదు. రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అయినను చేని బాట మీద దానిలో ఎక్కువారు మన పిల్లలే గదా.

బ్రేకు ఆయిలును కాలువ నీటితో పోల్చి, దూరపు చక్రమునకు తక్కువగా అందునని తలచువారు కలరు. అది సరికాదు. కాలువలో నీరు పారును. బ్రేకు పైపులో పారునది అత్యల్పము, చేరునది ఒత్తిడి. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ తెలిపెను. ఈ సూత్రముతోనే 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడెను. అయితే నాలుగింటికిని ఒకే దారి యున్నచో, ఎచ్చట చిల్లి పడినను నాలుగింటి ఒత్తిడియు ఒక్కసారిగా పోవును. అందుచేత అమెరికాలో 1968 నుండి కొత్త కార్లకు రెండు వేర్వేరు దారులు విధియైనవి. ఇంట కట్టువారును దీనిని సడలింపరాదని నా దృఢాభిప్రాయము. ఒంటిగది మాస్టరు సిలిండరు ఎంత చౌకగా దొరకినను వలదు. రెండు గదులదే కొనవలెను.

ఆ రెండు దారులను కుడి ఎడమలుగా పంచరాదు. కారణము ట్రాక్టరు నడపు ప్రతి రైతుకును తెలియును: పొలములో ఎడమ పెడలు మాత్రము తొక్కినచో బండి ఎడమకు తిరుగును, అందుకే రోడ్డెక్కునపుడు రెండు పెడళ్లను గొళ్లెముతో కలుపుదుము. (కలుపనివారిని గూర్చి వేరొకమారు వ్రాసెదను.) ముందు చక్రములకు ఒకటి, వెనుక చక్రములకు ఒకటి యనునది ఒక పద్ధతి. ఎడమ ముందుదానిని కుడి వెనుకదానితో, అనగా ఐమూలగా కలుపుట మరియొకటి. ఐమూల పద్ధతిలో ఒక దారి పోయినను ఒక ముందు చక్రము మిగులును. కాని అప్పుడు స్టీరింగు ఒక ప్రక్కకు లాగును. దానిని తట్టుకొనునట్లు ముందు చక్రముల అమరికను కర్మాగారములలో లెక్కగట్టి చేయుదురు. ఇంటి షెడ్డులో ఆ లెక్క కుదురదు. కావున ముందు వెనుకల విభాగమే మేలని నా సలహా. ఆపునపుడు బరువు ముందుకు వచ్చును గనుక వెనుక బ్రేకులొక్కటే మిగిలినచో బండి దూరము పోయి ఆగును. అయినను మెల్లగా తొక్కినచో తిన్నగా ఆగును.

ఇక పైపు సంగతి. రాగి పైపు సులభముగా వంగునని కొందరు దానినే వేయుదురు. అది అదురుపాటునకు గట్టిపడి చిట్లును. రెండు పొరల ఉక్కు పైపో, రాగి నికెలు మిశ్రమపు పైపో తెచ్చి, చాసిస్ లోపలి ప్రక్కగా, సైలెన్సరుకు దూరముగా, దగ్గర దగ్గరగా క్లిప్పులు వేసి బిగింపవలెను. ఇరుసు ఎగిరిపడు చోటను, చక్రము తిరుగు చోటను రబ్బరు హోసు వలయును. స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పి, టైరు హోసును రాచుకొనుట లేదని కన్నులార చూడవలెను. ఇంజను ఆయిలు చుక్కయైనను బ్రేకు దారిలో పోయరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి చెడును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక మూత తీసి నెలల తరబడి యుంచిన డబ్బాను వాడకుడు.

గాలి తీసిన పిమ్మట పెడలును ఒక నిమిషము గట్టిగా తొక్కిపట్టుడు. అది మెల్లగా దిగుచున్నచో ఎచ్చటనో కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరు వాషరు అరిగినది. అట్టి బండిని షెడ్డు దాటింపకుడు.