తోరణం ఎవరు కట్టాలి?

పండగ ఇంకా వారం రోజులుందనగానే బజారు సిద్ధమైపోతుంది. ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు, ప్లాస్టిక్ బంతిపూల దండలు, జిగేల్‌మనే రంగు కాగితాలు, అతికించుకునే ముగ్గులు... వీధి చివర కొట్టు దగ్గర్నుంచి పెద్ద పెద్ద మాల్స్ దాకా ఎక్కడ చూసినా ఇవే. కొనుక్కొచ్చి గుమ్మానికి తగిలిస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. వాడదు, ఎండదు, రాలదు. ఉగాదికి కట్టింది మళ్లీ ఉగాది దాకా అలాగే ఉంటుంది, దుమ్ము కొట్టుకుని, రంగు వెలిసిపోయి. దాని కింద నుంచే వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి వచ్చి వెళ్లిపోతాయి. ఏ పండక్కీ ఆ గుమ్మం కొత్తగా కనిపించదు.

పచ్చి మామిడాకు అలా కాదు. మూడో రోజుకి ముడుచుకుంటుంది, వారానికి గాలికి గలగలమంటుంది. పండగ వెళ్లిపోయిందని చెబుతుంది. పిల్లలకి పండగంటే ఏమిటి? ఇల్లు మామూలుగా లేకపోవడమే కదా! ఆ మార్పులో తమ చెయ్యి కూడా ఉంటే ఆ పండగ వాళ్లకి ఎన్నాళ్లయినా గుర్తుంటుంది.

అయితే ఒక మాట ముందే చెప్పుకుందాం. 'వెనకటి ఆడవాళ్లకి ఎంత ఓపికండీ, ఇప్పటి వాళ్లకి అన్నీ కొనుక్కోవడమే' అన్న పాట ఇక్కడ పాడబోవడం లేదు. వెనకటి వాళ్లకి ఓపికే కాదు, ఇంటి నిండా మనుషులూ ఉండేవారు. నానమ్మ పూలు కడుతుంటే, పిన్ని ముగ్గు వేస్తుంటే, మేనత్త పిండి కలుపుతుంటే, పిల్లలు దారాలు అందిస్తుంటే పని తెలిసేది కాదు. ఇప్పుడు నానమ్మ పనీ, పిన్ని పనీ, మేనత్త పనీ కలిసి ఒక్క మనిషి నెత్తిన పడ్డాయి. ఆవిడ ఉద్యోగం చేస్తున్నా అంతే, ఇంట్లో ఉన్నా అంతే. పిండివంటలు, పూజ సామాను, వచ్చేపోయే చుట్టాలు, ఇంత హడావిడిలో ఆవిడ ఓ ప్లాస్టిక్ దండ కొనుక్కొస్తే తప్పు పట్టడానికి మనసెలా వస్తుంది?

దీనికి తోడు ఈమధ్య మరో తంటా వచ్చిపడింది. 'పది నిమిషాల్లో పండగ అలంకరణ' అంటూ సెల్‌ఫోన్లో వీడియోలు. చూడ్డానికి పది నిమిషాలే. చేయబోతే రెండు రాత్రుళ్లు. అంతా అయ్యాక ఫొటో తీసి గ్రూపులో పెడితే, అప్పటికే నలుగురు అంతకంటే బాగా చేసి పెట్టి ఉంటారు. సరదాగా చేసుకోవాల్సింది కాస్తా పరీక్షై కూచుంటోంది.

'ఇంట్లో చేసుకుంటే ఖర్చేముందండీ!' అని తేలిగ్గా అనేస్తారు చాలామంది. ఒకావిడ రాత్రి పన్నెండింటి దాకా మేలుకుని కాగితాలు కత్తిరించి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ పొయ్యి వెలిగిస్తే అది ఖర్చు కాదా? ఆ నిద్రకి ఖరీదు లేదా? అందుకే ఏం చెయ్యాలో ఆలోచించే ముందు ఎవరు చెయ్యాలో తేల్చుకోవాలి. ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే చేతిపని అంత హాయి మరొకటి లేదు. ఒక్కరే చెయ్యాలంటే మాత్రం కొనుక్కోవడమే మేలు.

మూడు షరతులు పెట్టుకుందాం

ఒకటి: పండక్కి ఒక్కటే వస్తువు. పది మొదలుపెట్టి ఏదీ పూర్తికాక విసుక్కోవడం కంటే, ఒక్కటి చక్కగా చేసుకోవడం నయం. రెండు: గంటకి మించకూడదు. మించేదైతే రెండు సాయంత్రాలకి పంచుకోవాలి. మూడు: ఇంట్లో ఉన్నవాటితోనే చెయ్యాలి. అలంకరణ సామానని మళ్లీ బజారుకి పరిగెడితే ఇక తేడా ఏముంది?

పనులు కూడా వయసుని బట్టి పంచండి. ఐదేళ్ల పిల్ల ఆకులు లెక్కపెట్టి అందిస్తుంది. పదేళ్ల వాడు కత్తెర పట్టుకోగలడు. మోకాళ్ల నొప్పులతో కిందికి వంగలేని అత్తగారు కుర్చీలో కూచునే పూలు కట్టగలరు. ఇక గుమ్మానికి మేకు కొట్టడం, తోరణం కట్టడం, పాలవెల్లి వేలాడదియ్యడం చాలా ఇళ్లల్లో ఎప్పట్నుంచో మగవాళ్ల పనులే. ప్లాస్టిక్ తోరణం వచ్చి వాళ్లకి సెలవిచ్చింది. ఆ సెలవు రద్దు చేద్దాం!

చవితి నుంచి సంక్రాంతి దాకా

వినాయక చవితికి పాలవెల్లి ఇంట్లోనే చేసుకోవచ్చు. నాలుగు వెదురు బద్దల్ని చదరంగా అమర్చి, లోపల అడ్డంగా రెండు, నిలువుగా రెండు బద్దలు పెట్టి, కలిసిన ప్రతిచోటా పురికొసతో బిగించి కడితే చాలు. వెదురు దొరక్కపోతే ఎండిన జొన్న దంట్లయినా ఫరవాలేదు, కాకపోతే బరువు కాయలు వాటికి కట్టకండి. పాలవెల్లి అంటే పాలకడలి. దానికి మామిడాకులు, వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు, బత్తాయి, ఏది దొరికితే అది కట్టొచ్చు. పిల్లలకి పేర్లు చెబుతూ కట్టించండి. వెలక్కాయ ఎలా ఉంటుందో తెలియని పిల్లలు మన ఊళ్లల్లోనే బోలెడుమంది ఉన్నారు.

మట్టి వినాయకుడికి బంకమట్టిని చపాతీ పిండిలా పిసకాలి. నీళ్లు ఎక్కువైతే ఆరాక పగుళ్లిస్తుంది. పీట, బొజ్జ, తల, తొండం, చెవులు విడివిడిగా చేసుకుని, అతికే చోట పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టి రాసి నొక్కితే ఊడిపోవు. ఎండలో కాక నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. కళ్లకి గురివింద గింజలు పెట్టడం అలవాటే కానీ, ఆ గింజల్లో విషం ఉంటుంది. నమిలి మింగితే ప్రాణానికే ప్రమాదం. పసిపిల్లలున్న ఇళ్లల్లో మిరియాలు పెట్టుకోండి. పూజయ్యాక బకెట్లో నిమజ్జనం చేసి ఆ నీళ్లు మొక్కలకి పోస్తే సరి.

దీపావళికి కొత్త ప్రమిదల్ని ఓ గంట నీళ్లలో నానబెట్టి ఆరబెడితే నూనె పీల్చవు. ఇక ప్రతి ఇంట్లోనూ ఓ మూల గుట్టగా పడి ఉండేవి పాత శుభలేఖలు. దేవుడి బొమ్మ ఉంది కదా, పారెయ్యడానికి చెయ్యి రాదు. పల్చటి శుభలేఖని పొడుగ్గా సగానికి మడిచి, మడత వైపు నుంచి వేలెడు దూరాన వరసగా కత్తిరించండి. అవతలి అంచు దాకా పోకుండా అంగుళం వదలాలి. విప్పి గుండ్రంగా చుట్టి అతికిస్తే చక్కటి లాంతరు. లోపల చిన్న ఎల్‌ఈడీ దీపమే పెట్టండి. కొవ్వొత్తీ, ప్రమిదా పెట్టారంటే కాగితం అంటుకుంటుంది. ఈ లాంతర్లు పక్కింటి వాళ్ల రంజాన్‌కీ పనికొస్తాయి. దళసరి శుభలేఖలైతే గణపతి బొమ్మల్ని కత్తిరించి దారానికి గుచ్చితే పూజ గదికి తోరణం అవుతుంది.

క్రిస్మస్ నక్షత్రం కూడా అంతే. వెదురు పుల్లలతో ఐదు మొనల చుక్కలు రెండు కట్టి, మొనలు కలిపి, మధ్యలో చిన్న పుల్లలు అడ్డం పెట్టి ఎడం చేసి రంగు కాగితం అతికించాలి. వీటన్నిటికీ గమ్ము సీసాలు అక్కర్లేదు. చెంచాడు మైదాని నీళ్లలో కలిపి ఉడికిస్తే జిగురు సిద్ధం. ఏ రోజుకారోజు చేసుకోండి, నిలవుంటే పులిసిపోతుంది.

సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉన్నవాళ్లకి మెట్లే పెద్ద సమస్య. అట్టపెట్టెలు, ట్రంకు పెట్టె, పాత పుస్తకాల కట్టలు వరసగా పేర్చి పైన పాత పట్టుచీర పరిస్తే మెట్లు దిగినట్టే ఉంటుంది. మూడు, ఐదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలో ఉండాలంటారు. మూడు చాలు. ఐదారు రోజుల ముందు ఓ పళ్లెంలో మట్టి పోసి మెంతులో, ఆవాలో చల్లితే పండగ నాటికి పచ్చటి చేను తయారు. దాని పక్కన అద్దం పెట్టి చుట్టూ ఇసక పోస్తే చెరువు. చేనుకి రోజూ నీళ్లు చిలకరించే పని పిల్లలకి అప్పగించండి, మొలక వచ్చిన రోజు వాళ్ల కేకలు మీరే వింటారు.

పుట్టినరోజుకి మాత్రం ఏమిటి? దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కల్ని ముక్కోణాలుగా కత్తిరించి ఒక పొడవాటి దారానికి కుట్టి పెట్టుకుంటే చాలు. ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా గోడకి అదే కట్టొచ్చు. పండగైపోయాక మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు. పాప గౌను మిగులు, అమ్మ జాకెట్టు ముక్క, తాతగారి లాల్చీ బట్ట, అన్నీ అందులో ఉంటాయి.

చట్టం కూడా ఉంది

ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణకి వాడే థర్మోకోల్ ఉంది. బెలూన్లకి గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్వీటు డబ్బాలకీ ఆహ్వాన పత్రికలకీ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర, ఇవన్నీ అందులోనివే. అయినా పుట్టినరోజనగానే వెనకాల థర్మోకోల్ మీద పేరు రాయించడం ఇంకా చూస్తూనే ఉన్నాం. అది మట్టిలో కలవదు. ముక్కలు ముక్కలై కాలవల్లో చేరి నీటికి అడ్డం పడుతుంది. ఆ పేరేదో అట్టముక్క మీద పిల్లలే రంగులతో రాస్తే పోలేదా?

కొనేటప్పుడు...

అన్నీ మనమే చెయ్యలేం, చెయ్యనూ అక్కర్లేదు. కొనాల్సినవి కొందాం. కాకపోతే ఆ డబ్బు ఇంకో చేతి కష్టానికి దక్కేలా కొందాం. విజయవాడ దగ్గరి కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి కర్రతో చేస్తారు. చింతగింజల పిండీ, రంపప్పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతుకుతారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక బొమ్మలది అంకుడు కర్ర. లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి అద్దుతారు. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవి ఇవే. తెలంగాణలో నిర్మల్ బొమ్మలు ఉండనే ఉన్నాయి. ఏడాదికి ఒక్క బొమ్మ కొన్నా పదేళ్లలో మీ కొలువు నిండుతుంది. ప్రమిదలు కూడా అంతే. రోడ్డు పక్కన గోనెపట్టా మీద పరుచుకు కూచున్నావిడ దగ్గర డజను ప్రమిదలకి బేరమాడేముందు, మాల్‌లో ధర చీటీ చూసి నోరెత్తకుండా ఎంత ఇచ్చామో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

బడి పంతుళ్లకో మనవి

పండగొస్తే స్కూళ్లల్లో 'క్రాఫ్ట్ వర్కు' తెమ్మంటారు. రెండో తరగతి పిల్లాడు చెయ్యలేనిది తెమ్మంటే రాత్రి కూచుని చేసేది తల్లే. పొద్దున వాడు దాన్ని జాగ్రత్తగా పట్టుకెళ్లి బహుమతి తెచ్చుకుంటాడు. అందులో వాడు నేర్చుకున్నదేమిటి? దయచేసి ఆ పనేదో క్లాసులోనే, వాళ్ల చేతనే చేయించండి. ముక్కు వంకరపోయిన వినాయకుడైనా సరే, పిల్లాడు చేసిందే గోడ మీద పెట్టండి. ఈ మాట తల్లులం మనకీ వర్తిస్తుంది. వంకరగా కత్తిరించారని వాళ్ల చేతిలోంచి కత్తెర లాక్కుంటే, వచ్చే ఏడు వాళ్లు దగ్గరికి రారు. అప్పుడు మళ్లీ మనమొక్కళ్లమే మిగులుతాం.

రాబోయే పండక్కి ఒక్క తోరణంతో మొదలుపెట్టి చూడండి. మామిడాకులు తేవడం ఒకరు, తుడిచి వరసపెట్టడం ఒకరు, పురికొసకి గుచ్చడం ఇద్దరు, స్టూలెక్కి కట్టడం ఒకరు. మీరేం చెయ్యాలంటారా? కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకు కూచోండి. 'ఎడంపక్క కాస్త కిందికి జారినట్టుంది, పైకి లాగండి' అని చెప్పడానికి ఎవరో ఒకరుండాలి కదా మరి!