హీరోగారి జాకెట్ ఎవరు ఉతుకుతారు?

తెర మీద హీరోగారు గోడ దూకుతారు, బురదలో దొర్లుతారు, పదిమంది రౌడీలకు ఒంటిచేత్తో మట్టి కరిపిస్తారు. పైగా వాన కూడా కురుస్తుంది. కురవకపోతే ఫైట్ మాస్టరుగారికి తృప్తి ఉండదు. తరవాతి పాటలో చూస్తే అదే లెదర్ జాకెట్ నిగనిగలాడుతూ ఆయన భుజాన వేలాడుతుంటుంది. "ఆ జాకెట్ ఏ లాండ్రీలో వేస్తారండీ?" అని ఇన్నేళ్లలో ఒక్క పాఠకుడు కూడా నన్నడగలేదు. హీరోయిన్ వయసు అడిగారు. విలన్‌గారికి పెళ్లయిందా అని అడిగారు. కమెడియన్‌గారి చెప్పుల సైజు అడిగిన మహానుభావుడు కూడా ఉన్నాడు. ఇదిగో, ఇన్నాళ్లకి వెంకటాచలం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. అయితే సరదాకి కాదు, ప్రాణం మీదికొచ్చి అడిగాడు.

అతని ఉత్తరం సారాంశం చెబుతాను. అన్నయ్య కువైట్‌లో డ్రైవరు. మొదటి జీతంతో ఒక లెదర్ జాకెట్ కొనుక్కున్నాడు. (నవ్వకండి, కువైట్‌లో శీతాకాలం రాత్రులు నిజంగానే చలిగా ఉంటాయి.) పోయినసారి వచ్చినప్పుడు దాన్ని ఇంట్లో వదిలి, "ఎవరూ ముట్టుకోవద్దు" అని ఆర్డరు వేసి వెళ్లాడు. మన తమ్ముడు కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. కొత్త సినిమా విడుదలైంది, స్నేహితులు నెల్లూరు సెకండ్ షోకి బయల్దేరారు. ముట్టుకోకుండా ఎలా ఉంటాడు? ముట్టుకున్నాడు, తొడుక్కున్నాడు. తిరిగొచ్చేటప్పుడు హైవే మీద కార్తీకమాసపు వాన పట్టుకుంది. ఇంటికొచ్చి తడి జాకెట్‌ను అలాగే ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువా అడుగున దాచేశాడు. నెల తరవాత తీసి చూస్తే మెడ నుంచి నడుం దాకా తెల్లటి బూజు! అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు. టౌన్లో లాండ్రీ ఆయన "మాకివ్వు, డ్రైక్లీనింగ్ చేసి కొత్తదానిలా ఇస్తాం" అన్నాడట. అడిగిన సొమ్ము జాకెట్ ఖరీదులో ఐదో వంతు. "ఇవ్వమంటారా అన్నా?"

జవాబు పోస్టులో రాసి పారేసే వ్యవహారం కాదిది. అన్నదమ్ముల వ్యవహారం. గూడూరు వైపు పనుండి వెళ్తూ వెంకటాచలంలో దిగాను.

అక్కడికి వెళ్లేముందు సినిమావాళ్ల సంగతి ముగిస్తాను, మీరు ఈ పత్రిక కొనేది అందుకే కదా. తెర మీద మీకు ఒకటే జాకెట్ కనిపిస్తుంది గాని, పెద్ద ఫైట్ ఉన్న సినిమాకి ఒకే రకంవి రెండు మూడు కుట్టిస్తారు. క్లోజప్‌కి ఒకటి, ఫైటుకి ఒకటి, డూపు వేసుకోవడానికి ఇంకొకటి. ఫైటులో అంటిన మరకను, ఆ సీను పూర్తయ్యేదాకా ఎవరూ తుడవకూడదు. ఈరోజు షాట్‌లో ఎడమ భుజం మీద ఉన్న బురద రేపటి షాట్‌లో మాయమైతే కంటిన్యుటీ చూసే కుర్రాడికి అక్షింతలు పడతాయి. కాస్ట్యూమ్స్ శాఖవాళ్ల కష్టం మనకు తెరమీద కనపడదు. అందులోంచి తెరమీదికొచ్చినవారూ లేకపోలేదు. 'భారత్ బంద్' (1991)తో నటుడై, 2023లో చెన్నైలో కన్నుమూసిన కాస్ట్యూమ్స్ కృష్ణగారి పేరులోనే ఆయన శాఖ ఉంది.

ఇంకో విశేషం. హాలీవుడ్‌లో డెబోరా నడూల్మన్ అనే దుస్తుల రూపకర్త ఉన్నారు. 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' (1981)లో హారిసన్ ఫోర్డ్ తొడుక్కున్న తోలు జాకెట్ ఆవిడ తయారు చేయించిందే. కొత్త జాకెట్ మరీ కొత్తగా ఉందని, చాకుతోనూ తీగ బ్రష్షుతోనూ గీకి గీకి దాన్ని పాతది చేశారావిడ! మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1983) ఎర్ర జాకెట్ కూడా ఆవిడ సృష్టే. ఆ థ్రిల్లర్ పాట మన చిరంజీవిగారి 'దొంగ' (1985) దాకా ప్రయాణం చేసిన సంగతి మీకు కొత్త కాదు. ఆ ఎర్ర జాకెట్లలో ఒకటి 2011లో వేలానికి వచ్చి 18 లక్షల డాలర్లు పలికింది. కొన్నవాడు దాన్ని డ్రైక్లీనింగ్‌కి వేసి ఉంటాడంటారా?

సరే, వెంకటాచలం. కృష్ణపట్నం రేవుకి వెళ్లే రైలుదారి చీలేది ఇక్కడే. సముద్రం దగ్గర. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని తడిపి ముద్ద చేస్తాయి. 1971లో కృష్ణగారు 'మోసగాళ్లకు మోసగాడు'తో తెలుగు తెరకి కౌబాయ్‌ని తెచ్చినప్పుడు రాజస్థాన్ ఎడారికి వెళ్లి గుర్రాలు దౌడు తీయించారు. ఎడారి పొడిగాలిలో తోలుకు బూజు పట్టడం అరుదు. అదే తోలు నెల్లూరు జిల్లాలో బీరువాలో నెల్లాళ్లు ఉంటే చాలు, దానిమీద తోట మొలుస్తుంది.

ఇంటికి వెళ్లగానే తమ్ముడి వాళ్లమ్మగారు మంచినీళ్లిచ్చి, "జాకెట్టు చూడ్డానికి మద్రాసు నుంచొచ్చినావా నాయనా?" అన్నారు. నేను మద్రాసు మనిషిని కాదని చెబితే నమ్మలేదు. సినిమా పత్రికలో రాసేవాడు ఇంకెక్కడుంటాడని ఆవిడ లెక్క. అన్నట్టు, ఆవిడ దృష్టిలో జాకెట్టంటే రవికే. "తోలు రవిక యేందో, వీడి తంటా యేందో!" అని నవ్వి, లోపలికెళ్లి దాన్ని తెచ్చి చాప మీద పరిచారు.

మొదట చూడాల్సింది, అది తోలేనా కాదా అని. బజార్లో 'లెదర్ జాకెట్' పేరుతో దొరికేవాటిలో సగానికి సగం రెగ్జినే అని నా అనుమానం. అంచు కుట్టు దగ్గర కొంచెం విప్పి చూస్తే అడుగున గుడ్డ నేత కనిపిస్తే అది రెగ్జిన్. పీచుపీచుగా, వెల్వెట్‌లా ఉంటే తోలు. రెగ్జిన్ మీద రంధ్రాలు అచ్చుగుద్దినట్టు ఒకే దూరంలో ఉంటాయి. ఏ మేకా అంత శ్రద్ధగా పుట్టదు. రెగ్జిన్‌ని డ్రైక్లీనింగ్‌కి అసలే ఇవ్వకూడదు. అందులో వాడే ద్రావకం రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని లాగేస్తే అది అట్టలా బిగుసుకుపోతుంది. మన తేమకి ఎటూ కొన్నేళ్లలో పొట్టు రాలిపోయేదానికి అంత ఖర్చు కూడా దండగ. తడిగుడ్డతో తుడుచుకోండి, చాలు.

తమ్ముడి అదృష్టం, లేదా దురదృష్టం, అది నిఖార్సయిన తోలు. మెడపట్టీ లోపలివైపు, ఎవరికీ కనపడని చోట ఒక నీటిచుక్క వేశాను. చుక్క ముత్యంలా నిలబడింది. అంటే పైన రంగు పూత ఉంది. అలాంటివి కొంచెం మొండివి, మనం తుడిచినా తట్టుకుంటాయి. చుక్క వెంటనే ఇంకిపోయి మచ్చ పడితే అది పూతలేని సుకుమారం. స్వెడ్ అని గరుకుగా, మెత్తగా ఉండేది మరీ సుకుమారం. వాటి మీద ఇంటి వైద్యం పనికిరాదు.

ఇక లాండ్రీ సంగతి. డ్రైక్లీనింగ్ అంటే పొడిగా శుభ్రం చేయడమని చాలామంది అనుకుంటారు. పొడి ఏమీ లేదు. నీళ్ల బదులు రసాయన ద్రావకంలో ముంచి తిప్పుతారు, అంతే. జిడ్డు మరకలు పోవడానికి అది దివ్యౌషధం. చిక్కల్లా ఇక్కడే ఉంది. తోలు మెత్తగా ఉండేదే లోపలున్న నూనె వల్ల. ఒకప్పుడు మనవైపు తంగేడు చెక్కతో పదును చేసినా, ఇప్పుడు క్రోమియం లవణాలతో పదును చేసినా, తరవాత తోలుకు నూనె పట్టిస్తారు. ఆ నూనె వల్లే లోపలి పోగులు ఒకదానిమీద ఒకటి జారతాయి, చెయ్యి మడిస్తే జాకెట్ మడుస్తుంది. మరక జిడ్డేదో, తోలు జిడ్డేదో ద్రావకానికి తెలియదు. రెండింటినీ లాగేస్తుంది. అందుకే తోలుపని తెలిసినవాళ్లు శుభ్రం చేశాక మళ్లీ నూనె పట్టించి, వెలిసిన రంగు దిద్ది ఇస్తారు. తెలియనివాళ్లు ఉన్ని సూట్లతో కలిపి అదే యంత్రంలో వేసి, ఇస్త్రీ చేసి ఇస్తారు. నా మిత్రుడొకడికి ఒక ఊళ్లో అలాగే జరిగింది. వెళ్లినప్పుడు జాకెట్, తిరిగొచ్చినప్పుడు అప్పడం.

కాబట్టి నేను తమ్ముణ్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీ లాండ్రీ ఆయన దాన్ని ఇక్కడే చేస్తాడా, వేరేచోటికి పంపిస్తాడా?" తెలియదన్నాడు. "మళ్లీ నూనె పట్టిస్తాడా?" తెలియదు. "రంగు మారితే బాధ్యత తనదని బిల్లు మీద రాసిస్తాడా?" ఇది అడిగాడట పాపం. "రాతకోతలు ఉండవు బాబూ" అన్నాడట ఆయన. ఈ మూడింటికీ జవాబు లేనిచోట మీ జాకెట్‌ను వదలకండి. జాకెట్ లోపలి పట్టీ మీద చిన్న గుర్తులు కూడా ఉంటాయి. వలయంలో ఇంగ్లీషు 'పి' అక్షరం ఉంటే డ్రైక్లీనింగ్ చేయవచ్చని అర్థం. వలయాన్ని అడ్డంగా కొట్టేసి ఉంటే చేయకూడదని. ఆ పట్టీని దురద పెడుతోందని కత్తిరించి పారేసేవాళ్లకి నేనేం చెప్పను!

ఇంతలో అమ్మగారు జాకెట్ కుడి మోచేతి మీద పొడుగాటి గీతని వేలితో తడుముతూ, "ఇది వీడు చేసింది కాదులే. పెద్దోడు ఆ దేశంలో సైకిలు మీద నించి పడ్డప్పటిది. దెబ్బ తగిలిందని ఆర్నెల్ల దాకా నాతో చెప్పలా" అన్నారు. లాండ్రీ ఆయన ఆ గీత కూడా కనపడకుండా రంగు వేసి ఇస్తానన్నాడట! ఆలోచించండి. అన్నయ్య వచ్చి, బీరువా తెరిచి, తన గీత లేని 'కొత్త' జాకెట్‌ను చూస్తే మొదటి నిమిషంలోనే దొంగ దొరికిపోతాడు. బూజుతో దొరికినా అంత కోపం రాదు.

చేసింది చెబుతాను, మీక్కూడా పనికొస్తుంది. ముక్కుకి రుమాలు కట్టుకుని, జాకెట్‌ను పెరట్లోకి తెచ్చాం. బూజు ఇంట్లో దులిపితే మిగతా బట్టలకీ అంటుకుంటుంది. పొడిగుడ్డతో మొత్తం దులిపి, ఆ గుడ్డ పారేశాం. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కల పిల్లల షాంపూ వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, మెడపట్టీ లోపల పరీక్ష చేసి, రంగు దిగలేదని తేలాక మెల్లగా తుడిచాం. తరవాత ఉత్త తడిగుడ్డ, తరవాత పొడిగుడ్డ. బట్టల సబ్బు దగ్గరికి రానివ్వకండి, దాని క్షారం తోలుకి పడదు. లావాటి హ్యాంగరుకి తగిలించి నీడలో గాలికి రెండు రోజులు. ఎండలో వేస్తే త్వరగా ఆరుతుంది, త్వరగా చిట్లుతుంది కూడా. ఆరాక, చెప్పుల షాపులో దొరికే రంగులేని లెదర్ క్రీము పలచగా రాయమన్నాను. పక్కింటి మామయ్య కొబ్బరినూనె సలహా చెప్పారు. ఆయన పెద్దరికానికి నమస్కారం గాని, దాంతో తోలు నల్లబడి వాసనొస్తుంది. బూట్ల పాలిష్ కూడా వద్దు, సినిమా హాల్లో పక్క సీటు అమ్మాయి చీరకి అంటుకుంటే ఫైట్ మాస్టరు లేకుండానే ఫైటు జరుగుతుంది.

బూజు పోయింది, గీత మిగిలింది. చంకల దగ్గర లోపలి గుడ్డలో మాత్రం ముక్కవాసన పోలేదు. బూజు లైనింగులోకి దిగితే ఇంట్లో చేయగలిగింది తక్కువ. నూనె మరక, స్వెడ్, లోపలి గుడ్డకి పట్టిన బూజు, ఈ మూడింటికీ తోలుపని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే, డబ్బు పెట్టాల్సిందే. వెంకటాచలం నుంచి అదేమీ దూరదేశం కాదు. చెన్నై సెంట్రల్‌లో దిగితే తోళ్ల వ్యాపారానికి పేరుపడ్డ పెరియమేట్ ఆ పక్కనే. 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్నదీ ఆ నగరంలోనే, అడయారులో. అక్కడ నలుగురిని విచారిస్తే మంచి పనివాడు దొరుకుతాడు. పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వాడినీ అడగండి. నాలుగోది కూడా ఉంది: "గీతలు ఉంచి, వాసన మాత్రం తీస్తావా?"

ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మాత్రం తమ్ముడు తేల్చేది కాదన్నాను. జాకెట్ అన్నయ్యది. ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత దుప్పటి గుడ్డ కప్పి, బీరువా తలుపు రోజూ కాసేపు తెరిచి ఉంచమని, పండక్కి అన్నయ్య రాగానే అడక్కముందే వాన సంగతి చెప్పేయమని చెప్పి బయల్దేరాను. "సినిమా ఏదని అడిగితే?" అన్నాడు గుమ్మం దాకా వచ్చి. సినిమా బాగుంటే పేరు చెప్పమన్నాను.