స్పెక్ షీట్‌లో ఉండని ఇంజినీర్: మన ఫోన్ ఫ్యాక్టరీలకు కావాల్సింది ఇతనే

ఫోన్ రివ్యూ అనగానే మనం చిప్‌సెట్ గురించి మాట్లాడతాం, కెమెరా సెన్సర్ గురించి మాట్లాడతాం, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ సరిపోతుందా లేదా అని కామెంట్స్‌లో కొట్టుకుంటాం. కానీ ఆ ఫోన్ ఆ రేటుకే ఎలా వచ్చింది? రివ్యూ కోసం కంపెనీ పంపిన పీస్, సేల్‌లో మీరు కొన్న పీస్ ఒకేలా ఎందుకుంటాయి, ఒక్కోసారి ఎందుకుండవు? ఇవి ఎవరూ అడగరు. ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే పనిగా పెట్టుకున్న ఉద్యోగం ఒకటుంది. ఇండస్ట్రియల్ ఇంజినీర్.

పేరు వినగానే చాలామంది "ఫోన్ షేప్ డిజైన్ చేసేవాళ్లా?" అంటారు. కాదు, అది ఇండస్ట్రియల్ డిజైన్. తేడా తెలియాలంటే యాపిల్‌ని చూడండి. జానీ ఐవ్ ఇండస్ట్రియల్ డిజైనర్. టిమ్ కుక్ చదివింది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్, 1982లో ఆబర్న్ యూనివర్సిటీలో. 1998లో ఆయన యాపిల్‌లో చేరినప్పుడు చేతిలో పెట్టిన పని కొత్త ఐమ్యాక్ గీయడం కాదు. గోడౌన్లలో మూలుగుతున్న స్టాక్‌ని నెలల లెక్క నుంచి రోజుల లెక్కకు దించడం. దించారు. 2011లో సీఈఓ అయిన మనిషి వచ్చింది ఆ దారినే. కీనోట్‌లో చప్పట్లు మాత్రం డిజైన్ వీడియోకే పడతాయి, అది వేరే సంగతి.

ఇంతకీ ఈ ఇంజినీర్ రోజంతా ఏం చేస్తాడు? ఒక ఫోన్ అసెంబ్లీ లైన్ ఊహించుకోండి. షిఫ్ట్‌లో బ్రేకులు పోను ఏడున్నర గంటలు, అంటే 27,000 సెకన్లు. ఆ రోజు టార్గెట్ 1,500 ఫోన్లు. భాగిస్తే 18. అంటే ప్రతి 18 సెకన్లకూ లైన్ చివర ఒక ఫోన్ దిగాలి. దీన్ని టాక్ట్ టైమ్ అంటారు. లైన్‌లో 40 స్టేషన్లున్నాయి. 39 చోట్ల పని 15 సెకన్లలో అయిపోతోంది. ఒక్కచోట, కెమెరా ఫ్లెక్స్ కేబుల్ బిగించే దగ్గర, 24 సెకన్లు పడుతోంది. అప్పుడు రోజుకు దిగేవి 1,125 ఫోన్లే. మిగతా 39 మందిని ఎంత తొందరపెట్టినా ఒక్క ఫోన్ కూడా పెరగదు.

ఇక్కడ ఒక రకం సూపర్‌వైజర్ ఆ స్టేషన్‌లో కూర్చున్న అమ్మాయి మీద అరుస్తాడు. ఇండస్ట్రియల్ ఇంజినీర్ అయితే పక్కన నిలబడి వీడియో తీస్తాడు. కేబుల్స్ ఉన్న ట్రే ఎడమవైపు ఉంది, ఆమె ట్వీజర్స్ పట్టుకునేది కుడిచేత్తో. కేబుల్ ట్రేలో బోర్లా ఉంది, ప్రతిసారీ తిప్పుకోవాలి. కనెక్టర్ లోపలికి వెళ్లిందో లేదో చూడటానికి ప్రతిసారీ వంగాలి. ట్రే కుడివైపుకు మార్చి, కేబుల్స్ సరైన వైపు పేర్చి పంపమని సప్లయర్‌కి చెప్పి, ఫోన్ కూర్చునే ఫిక్స్చర్‌ని కాస్త వాలుగా పెడితే సెకన్లు వాటంతటవే రాలిపోతాయి. ఆమె చేతులు ముందుకంటే వేగంగా కదలక్కర్లేదు. నా దృష్టిలో ప్రొడక్టివిటీ అంటే ఇది. ఇదికాక మిగతాదంతా ఒత్తిడి.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఈ ఆలోచన కనిపిస్తుంది. సిమ్ కార్డు ఒక మూల ఎందుకు కోసి ఉంటుంది? తప్పుగా పెట్టాలన్నా పెట్టలేకుండా. జపాన్ ఫ్యాక్టరీల్లో దీన్ని పోకా-యోకే అంటారు. "జాగ్రత్తగా పెట్టండి" అని స్టిక్కర్ అంటించడం కంటే, తప్పు చేసే అవకాశాన్నే తీసేయడం. దీనికి రివర్స్ ఉదాహరణ కావాలంటే ఫోన్ రిపేర్ చేసేవాళ్లను అడగండి. కొన్ని ఫోన్లలో స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవుంటాయి. పొట్టి స్క్రూ పోయేచోట పొడుగుది బిగిస్తే అది దిగి బోర్డునే దెబ్బతీస్తుంది. స్క్రూలన్నీ ఒకే సైజులో పెట్టి ఉంటే ఆ తప్పుకి చోటే లేదు. టియర్‌డౌన్ వీడియో చూసేటప్పుడు ఈసారి స్క్రూలు లెక్కపెట్టండి, సైజులు చూడండి. ఆ కంపెనీలో ఫ్యాక్టరీ వాళ్ల మాట డిజైన్ టీమ్ వింటుందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో లెక్క. ఒక ఫోన్ 30 దశల్లో తయారవుతుంది, ప్రతి దశలో 99 శాతం కరెక్ట్‌గా వస్తుంది అనుకుందాం. 99 శాతం అంటే మన సెమిస్టర్ మార్కుల ప్రకారం టాపర్. కానీ 30 సార్లు గుణిస్తే ఒక్కసారి కూడా రిపేర్ టేబుల్ ఎక్కకుండా బయటికొచ్చేవి వందకి దాదాపు 74 ఫోన్లే. మిగతా 26 విప్పి మళ్లీ చేయాలి, ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందో చెప్పక్కర్లేదు.

సరే, ఇదంతా జపాన్ వాళ్లూ అమెరికా వాళ్లూ కనిపెట్టిన విద్య, మనకు కొత్త అనుకోకండి. సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కట్టింది. ఇప్పటికీ అక్కడ కోచ్‌లు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగిస్తారు. మెట్టుగూడ, తార్నాక వైపు రైల్వే కుటుంబాల్లో తాతలున్నవాళ్లు "రేట్ ఫిక్సర్" అంటే ఎవరో అడిగి చూడండి. స్టాప్‌వాచ్ పట్టుకుని ఫలానా పనికి ఇంత టైమ్ అని తేల్చే ఉద్యోగి. పేరు అలా పెట్టలేదు గానీ చేసింది ఇండస్ట్రియల్ ఇంజినీర్ పనే.

1954లో చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్‌లో ఒక ఇన్సెంటివ్ పద్ధతి మొదలైంది, తర్వాత అది దేశంలోని ఇతర రైల్వే వర్క్‌షాపులకూ పాకింది. దాని లాజిక్ నాకు చాలా నచ్చుతుంది. ప్రతి పనికీ ఒక "అలవ్డ్ టైమ్" ఉంటుంది. అంతకంటే ముందే పూర్తిచేస్తే మిగిలిన టైమ్‌కి డబ్బు కార్మికుడికి వస్తుంది. సాధారణ నైపుణ్యం ఉన్న కార్మికుడు బేసిక్ మీద 33⅓ శాతం అదనంగా సంపాదించుకోగలిగేలా ఆ టైమ్ పెట్టాలి. పైన 50 శాతం దగ్గర సీలింగ్. ఈ సీలింగ్ దగ్గరే తెలివి ఉంది: అందరూ అది తాకుతున్నారంటే మనుషులు సూపర్‌మ్యాన్లు కాదు, పెట్టిన టైమే తప్పు. ఈ పద్ధతిలో లొసుగులు లేవని కాదు, ఉన్నాయి. టైమ్ పెంచి రాయించుకోవడం దగ్గర్నుంచి చాలా కథలు వినొచ్చు. కానీ మిగిల్చిన టైమ్‌లో వాటా ఎవరిది అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉంది. ఇప్పటి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఎన్నింటిలో ఉంది?

ఈ ప్రశ్నను వదిలేస్తే ఏమవుతుందో కోలార్‌లో చూశాం. తెలుగు బాగా వినిపించే ప్రాంతమే అది. నరసాపురలో ఐఫోన్లు అసెంబుల్ చేసే విస్ట్రాన్ ప్లాంట్‌లో 2020 డిసెంబర్ 12న కార్మికులు విధ్వంసానికి దిగారు. అది సమర్థించే పని కాదు. కానీ తర్వాత కర్ణాటక ప్రభుత్వ విచారణలో బయటపడినవి చూడండి: తక్కువ వ్యవధిలో కార్మికుల సంఖ్య 5,000 నుంచి 10,500కి పెంచేశారు. 8 గంటల షిఫ్ట్‌ని 12 గంటలు చేశారు. హాజరు నమోదు సిస్టమ్ సరిగ్గా పనిచేయలేదు, జీతాల లెక్కలు తప్పాయి. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి ఇండియా బిజినెస్ చూసే వైస్ ప్రెసిడెంట్‌ని తప్పించింది. యాపిల్ ఆ కంపెనీని ప్రొబేషన్‌లో పెట్టింది.

హెడ్‌లైన్స్‌లో అది లేబర్ గొడవ. నాకు మాత్రం అది కెపాసిటీ ప్లానింగ్ ఫెయిల్యూర్. లైన్ సామర్థ్యం రెట్టింపు చేసినప్పుడు గేటు దగ్గర స్వైప్ మెషిన్లు, బస్సులు, క్యాంటీన్, పేరోల్ కూడా అదే స్థాయికి పెరగాలి. అవి కూడా లైన్‌లో స్టేషన్లే. ఆ లెక్క వేసేవాళ్లు లేరో, వేసినా మాట వినేవాళ్లు లేరో గానీ, టాక్ట్ టైమ్ ఎంత బాగున్నా ప్లాంట్ కొన్నాళ్లు మూతపడింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ లాంచ్ చేసింది, ₹6,999కి. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో తయారైన తొలి "మేడ్ ఇన్ ఇండియా" షావోమీ ఫోన్ అది. అదే ఏడాది సెల్‌కాన్ మేడ్చల్‌లో ప్లాంట్ తెరిచింది. 2023 మేలో ఔటర్ రింగ్ రోడ్ దగ్గర కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌కు శంకుస్థాపన జరిగింది, 2025లో అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైనట్టు వార్తలొచ్చాయి. ఫ్యాక్టరీలు వస్తున్నాయి, సంతోషం. నా అభ్యంతరం ఒక్కటే. లైన్ ఎలా ఉండాలి, ఏ స్టేషన్‌లో ఏ పని, ఎన్ని సెకన్లు అన్న నిర్ణయాలు బయటి నుంచి రెడీమేడ్‌గా వస్తే మనకు మిగిలేది స్క్రూడ్రైవర్ ఉద్యోగాలే. ప్రభుత్వం 2020లో ప్రకటించిన పీఎల్ఐ స్కీమ్ కింద మొబైల్ కంపెనీలకు పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం ప్రోత్సాహకం ఇచ్చారు. అలాంటివి శాశ్వతం కావు. అవి ఆగిపోయిన రోజు ఫ్యాక్టరీ ఇక్కడే ఉండాలంటే కారణం తక్కువ జీతాలు కాకూడదు. ఇంకా తక్కువ జీతాలిచ్చే చోటు ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

"రోబోలు వచ్చేస్తాయి కదా బ్రో" అనేవాళ్లకి: ఫాక్స్‌కాన్ అప్పటి అధినేత టెర్రీ గౌ 2011లోనే మూడేళ్లలో పది లక్షల రోబోలు పెడతామన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, లైన్లలో మనుషులు ఇంకా ఉన్నారు. మెత్తటి ఫ్లెక్స్ కేబుల్‌ని వంచి కనెక్టర్‌లో పెట్టడం రోబోకి మనం అనుకున్నంత తేలిక కాదు. ఎక్కడ రోబో, ఎక్కడ మనిషి అని తేల్చడం కూడా మళ్లీ ఈ ఇంజినీర్ పనే.

మరి కెరీర్‌గా ఎలా ఉంటుంది? దాచకుండా చెప్తాను. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో మీ క్లాస్‌మేట్ కంటే తక్కువే ఉంటుంది. ట్రైనీగా మొదటి ఏడాది స్టాప్‌వాచ్, ఎక్సెల్, సేఫ్టీ షూస్. నైట్ షిఫ్ట్‌లు తప్పవు. మీరు రాగానే లైన్‌లో వాళ్లు కావాలనే నెమ్మదిస్తారు. మీ స్టాప్‌వాచ్ రేపు వాళ్ల టార్గెట్ పెంచుతుందని వాళ్లకు తెలుసు, తప్పు వాళ్లది కాదు. రెండు మూడేళ్లు నిలబడితే ఎన్‌పీఐ, అంటే కొత్త మోడల్‌ని లైన్‌కి తెచ్చే టీమ్‌లోకి దారి దొరుకుతుంది. మార్కెట్‌లోకి రాని ఫోన్‌ని నెలల ముందే విప్పి చూసే ఉద్యోగం అది. లీక్స్ కోసం రాత్రంతా మేల్కొనే మన రీడర్స్‌కి ఇంతకంటే ఏం చెప్పాలి? అక్కణ్నుంచి ఆపరేషన్స్, సప్లయ్ చైన్. ఫోన్లు వద్దనుకుంటే ఈ-కామర్స్ గోడౌన్లు, ఆస్పత్రులు, ఎయిర్‌పోర్టులు కూడా ఇదే చదువు అడుగుతాయి.

బీటెక్‌లో ఈ పేరుతో బ్రాంచ్ దొరకడం కష్టం. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ ఉంది. ముంబైలో 1963లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ కోసమే పెట్టిన నీటీ 2023లో ఐఐఎం ముంబైగా మారింది, పేరులోంచి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పోయింది. మన ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్స్ పైనుంచి కిందిదాకా సీఎస్ఈతో నింపేవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు. అయినా బ్రాంచ్ అడ్డు కాదు. మెకానికల్, ప్రొడక్షన్, ఈసీఈ, డిప్లొమా, ఎవరైనా రావచ్చు. కొద్దిగా స్టాటిస్టిక్స్, పైథాన్, వర్క్ మెజర్‌మెంట్ వస్తే చాలు. లైన్‌లో మనుషులతో తెలుగులో, హిందీలో మాట్లాడగలగడం వీటన్నిటికంటే ముఖ్యం.

ప్రాక్టీస్‌కి ఫ్యాక్టరీ కూడా అక్కర్లేదు. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పీసీ అసెంబుల్ చేస్తున్న షాపులో అరగంట నిలబడండి, అడిగి వీడియో తీసుకోండి. నేను చూసిన ఒక షాపులో కుర్రాడు ఒక్క బిల్డ్‌కి కౌంటర్ చుట్టూ ఏడుసార్లు తిరిగాడు: స్క్రూల కోసం, థర్మల్ పేస్ట్ కోసం, కేబుల్ టై కోసం. చేతులు మాత్రం మెరుపులా ఆడుతున్నాయి. అలాంటి వీడియో ఒకటి, పక్కన మీరు గీసిన కొత్త లేఅవుట్ ఒకటి పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి.

అక్కడ "మీరేమైనా అడగాలా" అన్నప్పుడు ఇది అడగండి: "నా టైమ్ స్టడీలో ఒక స్టేషన్‌లో ఐదు సెకన్లు మిగిలితే, ఆ ఐదు సెకన్లను మీరేం చేస్తారు?" టార్గెట్ పెంచుతాం అని మాత్రమే చెప్తే ఇంకో కంపెనీ చూసుకోండి.