గ్రంథమును కుదింపవలెనా, పాత్రను మార్చవలెనా?

తాళపత్రములకు చెద, చెమ్మ, అగ్ని శత్రువులని మనమెల్లరము ఎరుగుదుము. కంప్యూటరులో భద్రపరచిన ప్రతులకును వేరొక విధమైన ఆపద కలదని నాకు ఇటీవలనే తెలియవచ్చినది.

మా గ్రంథాలయమున ఒక వ్యాకరణ తాళపత్ర గ్రంథమును ఛాయాచిత్రములుగా తీసి, అన్నింటిని ఒకే ఫైలుగా కూర్చిరి. దాని పరిమాణము 6 గిగాబైట్లు. దానిని 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులోనికి ఎక్కింపబోగా, ఫైలు మిక్కిలి పెద్దదని కంప్యూటరు నిరాకరించినది. డ్రైవు చూడబోయిన పూర్తిగా ఖాళీ. సహాయకుడు తొందరపడి చిత్రముల నాణ్యతను తగ్గించి, చిన్న ఫైలును చేసి ఎక్కించెను. ఆ ప్రతిలో పకార వకారముల భేదము కనుపింపలేదు. పాఠపరిష్కర్తకు ఇంతకంటె అనర్థమేమున్నది? మూలచిత్రములు చెరపబడక యుండుట మా భాగ్యము.

విచారింపగా, ఇది స్థలము చాలకపోవుట కాదనియు, లెక్క వ్రాయు పద్ధతి వలన కలిగిన చిక్కనియు తేలినది. ఇట్టి డ్రైవులలో పెక్కింటికి ఫ్యాట్32 అను అమరిక ఉండును. ఇది 1996లో విండోస్ 95 యొక్క సవరించిన రూపముతో వచ్చినది. ఇందులో ఒక్కొక్క ఫైలు పరిమాణమును వ్రాయుటకు 32 స్థానములే కేటాయింపబడినవి. ప్రతి స్థానమున సున్నయో ఒకటియో ఉండును.

ఛందశ్శాస్త్రమున ప్రస్తారము నెరిగినవారికి ఈ గణితము క్రొత్త కాదు. లఘువో గురువో నిలుచు అష్టాక్షర పాదమునకు 256 భేదములు. నాలుగు పాదములకు, అనగా 32 అక్షరములకు, 256ను నాలుగుమార్లు వేసి గుణింపగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వచ్చును. లెక్క సున్నతో మొదలగుటచే ఇందు ఒకటి తగ్గును. ఒక ఫైలులో ఉండదగిన బైట్ల గరిష్ఠసంఖ్య అదియే. వాడుకలో దీనినే 4 గిగాబైట్లందురు. డ్రైవులో ఎంత చోటున్నను ఈ హద్దు మారదు. లేఖకులు ప్రతుల పరిమాణమును కొలిచిన ‘గ్రంథము’ కూడ 32 అక్షరములదే యగుట కాకతాళీయమైనను ముచ్చటైన విషయము.

కనుక గ్రంథమును కుదింపరాదు, పాత్రను మార్చవలెనని నా అభిప్రాయము. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ అను అమరికలో ఫైలు పరిమాణమునకు 64 స్థానములు కలవు. విండోస్, మ్యాక్ యంత్రములు రెండింటను దానిని చదువవచ్చును, వ్రాయవచ్చును. అయితే డ్రైవును క్రొత్తగా ఫార్మాట్ చేసినచో అందలి పూర్వ విషయమంతయు నశించును. దానిని ముందుగా వేరొకచోట భద్రపరచుట విధి.

ఫైలును ముక్కలు చేసిన చాలదా యని కొందరందురు. అది దోషము కాదు. కాని ఒక ముక్క జారిపోయినచో గ్రంథము ఖండితమగును. ప్రకరణముల ననుసరించి విభజించి, ముక్కల సంఖ్యను, పత్రసంఖ్యను వెంటనే వ్రాసి యుంచినప్పుడే ఆ మార్గము అంగీకార్యము.

పూర్వ లేఖకులు పలువురు ప్రతి ముగించి గ్రంథసంఖ్యను వేసెడివారు. మనమును ఎక్కించిన పిదప రెండు ప్రతుల బైట్ల సంఖ్యను పోల్చి, ఫైలును తెరచి చూడవలెను. ప్రతి డ్రైవుపై దాని అమరిక పేరును వ్రాసి అంటించుటను మన కళాశాలల గ్రంథాలయములు నియమముగా చేసికొనవలెనని నా మనవి. ఇందులకు ధనవ్యయము లేదు. కొంచెము శ్రద్ధ చాలును.