వంటింటి దిట్టము

తడ కూడలియొద్ద జాతీయ రహదారిని విడిచి సత్యవేటి వైపునకు మరలినచో, ఒకప్పుడు పల్లెలును పొలములును మాత్రమే యున్న నేలపై నేడు చాక్లెట్లు, కార్న్‌ఫ్లేక్సు, మోటారు బండ్లు, శీతలయంత్రములు తయారగు కర్మాగారములు బారులు తీరి కనుపించును. 2008లో వెలసిన ఆ పారిశ్రామిక నగరమే శ్రీ సిటీ. అందొక ఆహారపదార్థముల కర్మాగారమున మా మేనకోడలు నాణ్యత పరీక్షించు పనిలో నున్నది. పగలెల్ల పొట్లముల తూకము సరిచూచి, షిఫ్టు బస్సు దిగి యింటికి వచ్చిన పిదప గూడ, పొయ్యిప్రక్కనే యొక చిన్న కాటాను పెట్టుకొని, నూనె మొదలు సంగటి వఱకు సర్వమును తూచి సెల్‌ఫోనులో వ్రాసికొనుచున్నదని విని, ఆ వింత కన్నులార చూడవలెనని వారింటికి పోయి రెండు దినములుంటిని.

నేను పోవునప్పటికి వంకాయకూర పొయ్యిమీది కెక్కబోవుచున్నది. వండునది అత్తగారు, తూచునది కోడలు. కోడలు నూనెసీసాను కాటాపై నిలిపి, మీట నొక్కి అంకెను సున్న చేసి, "ఇప్పుడు పొయ్యత్తా" అనినది. అత్తగారు సీసా నెత్తి బాణలిలో వంచి మరల కాటాపై పెట్టగా, 58 అను అంకె తన ముందొక తీసివేత గుర్తును తగిలించుకొని నిలిచినది. సీసాలో తఱిగినదెంతయో బాణలిలో పడినదంతయే గదా! ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది.

"రెండు గంటెలే గదమ్మా పోసింది!" అని అత్తగారు నొచ్చుకొనిరి.

"యాభై ఎనిమిది గ్రాములత్తా. ఇంకా పప్పు తాలింపు ఉండాది, రేత్రికి దోసెలుండాయి."

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2000 కిలోకేలరీల దినభోజనమునకు నూనె, నెయ్యి అన్నియు గలిపి 27 గ్రాములని నిర్ణయించి యున్నారు. నలుగురికి పంచినచో ఆ 58 గ్రాములు తలకొక పదునాలుగున్నర. అనగా ఒక్క వంకాయకూరతోనే దినపు పాలులో సగము తీఱిపోయినది.

అంతట నాకొక కొంటె యూహ పుట్టినది. పులుసునకు నిమ్మకాయంత చింతపండు తీయుమని అత్తగారిని కోరి, ఆమె తీసిన యుండను తూచితిని: 31 గ్రాములు. దానిని మరల డబ్బాలో వేయించి ఇంకొకమాఱు తీయుమంటిని: 33. మూడవమాఱు 30. చింతపండు విషయమున కంసాలి త్రాసువలె మెలగిన ఆ చేయియే నూనె విషయమున ఏల జాఱినది? ఆలోచింపగా నాకు తోచిన కారణమిది. వండువారి చేతికి గురువు తినువారి నాలుక. పులుపు హెచ్చినను, ఉప్పు హెచ్చినను నాలుక ఆ పూటనే తగవుపెట్టుకొనును. నలుబదియేండ్లు అట్టి తగవులు పడిన చేయి కాటా నపేక్షింపదు. నూనె హెచ్చిననో, నాలుక తగవుపెట్టుకొనుటకు మాఱుగా మెచ్చుకొని మరికొంచెము వడ్డింపుమనును. చక్కెర సంగతియు నింతే. నాలుక లంచము తిని యూరకుండుచోటనే కాటాకు పని గలదు. తక్కినచోట్ల అది పొయ్యిప్రక్క చోటు దండుగ.

ఇదే జిల్లాలో, తిరుమల కొండమీది పోటనబడు వంటశాలలో, ఈ తూకపు విద్య మనకు కొత్తది కాదని సాక్ష్యమిచ్చు దిట్టమున్నది. శ్రీవారి లడ్డూకు ఏ సరుకు ఎంత పడవలెనో నిర్ణయించు పట్టికకు దిట్టమని పేరు. 5100 లడ్డూలకు ఆవునెయ్యి 165 కిలోలు, శెనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4; వెరసి 803 కిలోలు. అంత ఖచ్చితము ఏలయనగా, రాశి పెద్దదగుట యొక్కటియే కారణము కాదని నా తలంపు. స్వామికి నివేదింపకముందు దానిని రుచి చూచుట అపచారము. నాలుకకు ప్రవేశము లేని వంటింట నాలుక చేయవలసిన పనిని తూకము చేయక తప్పదు. ఒక్కొక్క లడ్డూకు నెయ్యి 32 గ్రాములు పడుచున్నదని నేను కాగితముపై భాగించి చూపగా, మా మేనకోడలు "ప్రసాదం రాయము మామా" అని కాగితము మడిచివేసినది.

తినినదానిని వ్రాసికొనుట వేఱు సంగతి. మధుమేహము పట్టిన పిదప వైద్యుని మాటపై నేనును ఒక నెల వ్రాసితిని. సంగటిముద్దను తూచితిని, 300 గ్రాములు. ఫోనులో రాగియని వెదకి, కనుపించిన వరుసలో 300 వేసితిని. అది దాదాపు వేయి కేలరీలని చూపగా గుండె జల్లుమని, పదిదినములు అరముద్దతోనే కంచము ముందునుండి లేచితిని. ఆ వరుస రాగిపిండిదనియు, నా ముద్దలో సగమునకు మించి నీరేననియు తరువాత ఈ పిల్లయే కనిపెట్టి పకపక నవ్వినది. పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలలో 528 ఆహారపదార్థముల విశ్లేషణ యున్నను, అందలి బియ్యము, రాగులు, పప్పులు వండని ధాన్యములే. అన్నమును తూచి బియ్యమని వ్రాయువాడు తన తిండిని తానే రెండింతలకు పైగా పెంచుకొనును.

అందువలన మా మేనకోడలు పిండిని, నూకను ముందే తూచి, వండిన పిదప గిన్నెతో గూడ మరల తూచి, ఖాళీగిన్నె బరువును తీసివేయుచుండును. వారింటి స్టీలు గిన్నెల అంచులపై ఇచ్చినవారి పేర్లు చెక్కియుండగా, అడుగున ఈమె చెఱగని సిరాతో బరువులు వ్రాసినది. సంగటిగిన్నె అడుగున 840 అని యున్నది.

"కంచంలో కూడు లెక్కబెడితే ఒంటికి పడతాదా అన్నా?" అని అత్తగారు నన్ను మధ్యవర్తిని చేసిరి. ఆ మాటను మూఢత్వమని త్రోసివేయజాలను. 1877లో, ధాత కరువునాడు, ప్రభుత్వ ప్రతినిధియగు సర్ రిచర్డు టెంపుల్ కరువుపనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొంచెము రొక్కమును చాలునని కొలత వేయగా, మదరాసు ఆరోగ్యాధికారియగు కార్నిషు ఆ కూటితో పనిచేయువాని ప్రాణము నిలువదని వాదింపవలసి వచ్చినది. కంచములోనికి తూకము వచ్చినప్పుడెల్ల తూచువాడొకడు, తినువాడొకడు అగుదురు; ఆ యిద్దఱి నడుమ చనువు సన్నగిల్లును. బాణలిలో పడు నూనెను తూచుట కేమి, నిత్యము తూచుకొననిండు; కంచములో పడు మారువడ్డనను తూచుట నాకు సమ్మతము గాదని తీర్పు చెప్పితిని.

కాని నా తీర్పునకొక లొసుగున్నది. పూర్వపు ఆహారసర్వేలలో ఇంటి వంటనంతటిని తూచి, కూర్చుండి పనిచేయు మగవాడు 1, ఆడుది 0.8 అను లెక్కన పంచెడివారు. ఆ 0.8 ఆమె కంచములో నిజముగా పడినదో లేదో ఆ లెక్కలో కానరాదు. బాణలిని తూచినంతమాత్రమున అది తెలియదు.

రెండవనాటి రాత్రి మేము ముగ్గురము తిని లేచితిమి. అత్తగారు ఎప్పటివలె కడపట కూర్చుండబోవుచు గిన్నెను దగ్గఱకు లాగికొనుచుండగా, కోడలు దానిని అందుకొని కాటాపై పెట్టినది. 985.

"నూట నలభై అయిదే ఉండాది."

"నాకు చాల్లేమ్మా, ఆకలి లేదు."

మేనకోడలు ఫోను తీయలేదు. చేట దింపి, ఎసరు పెట్టి, నూకను చేతితోనే కొలిచి పోసినది.

— పాంథుడు