మాత్ర వేసుకున్నా ఫిట్స్... ఎందుకని?

ఇంటర్ రెండో ఏడు చదివే కుర్రాడు. ఫిట్స్‌కి మాత్రలు మొదలుపెట్టాక జబ్బు అదుపులోకి వచ్చింది. ప్యాంట్లు మాత్రం బిగుతయ్యాయి. కాలేజీలో 'బొండాం' అని పేరు పెట్టారు. అంతే! పగలు అన్నం ముట్టడు. రాత్రి అందరూ పడుకున్నాక జంతికల డబ్బా ఖాళీ చేసేస్తాడు. ఆపై బాత్రూమ్‌లోకెళ్లి వాంతి చేసుకుంటాడు. కొన్నాళ్లకు ఫిట్స్ మళ్లీ మొదలు. 'మాత్ర నా చేత్తోనే ఇస్తున్నానే!' అని అమ్మ కంగారు.

ఇలాంటి పిల్లలు ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. అతిగా తిని, ఒళ్లొస్తుందన్న భయంతో కక్కేసే ఈ జబ్బుకు 1979లో బ్రిటన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 'బులీమియా నెర్వోసా' అని పేరు పెట్టారు. ఇది ఆడపిల్లలకే వస్తుందనుకోవడం పొరపాటు.

మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతైతే మందు కూడా బయటికి పోతుంది. ఒంట్లో లవణాలు తారుమారవుతాయి. సోడియం బాగా పడిపోతే ఆ కారణంగానే ఫిట్స్ రావచ్చు. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది.

మందుల సంగతీ ఉంది. ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగొచ్చు. టోపిరమేట్ ఆకలిని చంపుతుంది. అసలే తిండి మానేస్తున్నవాళ్లకు అది ఇంకా చేటు. డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్‌ను ఫిట్స్ ఉన్నవాళ్లకూ, బులీమియా ఉన్నవాళ్లకూ ఇవ్వకూడదు. బులీమియాకి వాడే ఫ్లూక్సెటిన్ వల్ల రక్తంలో ఫెనిటాయిన్ మోతాదు పెరిగిపోవచ్చు. అందుకే న్యూరాలజిస్ట్ రాసిన చీటీ సైకియాట్రిస్ట్‌కీ, సైకియాట్రిస్ట్ రాసింది న్యూరాలజిస్ట్‌కీ తప్పక చూపించాలి.

బరువు పెరుగుతున్నామని మాత్ర సొంతంగా ఆపేయడం ప్రమాదం. ఫిట్స్ ఆగకుండా వచ్చే స్థితికి దారితీయొచ్చు. మందు మార్చడమో, మోతాదు సర్దడమో డాక్టరే నెమ్మదిగా చేస్తారు. వాంతుల సంగతి దాచకుండా చెబితేనే అది కుదురుతుంది. దాంతోపాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ బులీమియాకి బాగా పనిచేస్తుంది.

ఇంట్లోవాళ్లు చేయాల్సిందీ ఉంది. భోజనం కాగానే బాత్రూమ్‌కి పరిగెత్తుతుంటే గమనించండి. 'ఎందుకిలా చేస్తున్నావ్?' అని కేకలేయకండి. పక్కన కూర్చుని కలిసి తినండి. చుట్టాల ముందు ఒంటి గురించి మాట రానివ్వకండి. అన్నిటికన్నా ముందు, తనకేం జరుగుతోందో తనే డాక్టర్‌తో చెప్పుకునేలా కాస్త ధైర్యమివ్వండి.