వణుకు ఎక్కడిదో చూడకుండా వెయిట్లు కొట్టొద్దు

కర్నూలు దాటి డోన్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్న కారు 80 దాటగానే స్టీరింగు చేతుల్లో వణికిందంటే మనవాళ్లు చేసేది ఒకటే. టైర్ల షాపు ముందు బండి ఆపి, ‘అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేసేయండి’ అని తాళం చేతికిస్తారు. వణుకు ఏ వేగంలో వస్తోంది, బ్రేకు వేస్తే పెరుగుతోందా, స్టీరింగులో తెలుస్తోందా సీటు కిందా అని షాపువాళ్లు అడగరు, మనమూ చెప్పం. అరగంటలో పని అయిపోతుంది. వణుకు పోతే సరే, పోకపోతే నెల తర్వాత మళ్లీ అదే షాపు, అదే పని. కర్నూలులోనైనా కడపలోనైనా ఇదే తంతు. దీనికి మెకానిక్కులను తిట్టి లాభం లేదు. వణుకు ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం ఒక పని, రిమ్ముకు వెయిట్లు కొట్టడం ఇంకో పని. మొదటిదానికి మనం రూపాయి ఇవ్వం, రెండోదానికి అడిగినంత ఇస్తాం. డబ్బు దేనికిస్తే ఆ పనే జరుగుతుంది. కాబట్టి మారాల్సింది ముందు మన చెల్లింపు పద్ధతి.

బ్యాలెన్సింగ్ దేనికి పనికొస్తుందో చూస్తే దేనికి పనికిరాదో తెలుస్తుంది. రిమ్ము అంచున 30 గ్రాముల బరువు ఒకవైపు ఎక్కువుందనుకుందాం. మామూలు కారు చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 15 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 30 గ్రాములే దాదాపు ఐదు కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతాయి, అదీ ప్రతి చుట్టులోనూ. వేగం సగమైతే ఆ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా చక్రానికీ దాన్ని మోసే సస్పెన్షన్‌కూ సెకనుకు 10 నుంచి 15 సార్లు ఊగే సహజ గుణం ఉంటుంది. చక్రం తిరిగే వేగం దానితో కలిసిన చోట, అంటే 80 నుంచి 100 మధ్య, వణుకు ఉధృతంగా తెలుస్తుంది. ఊళ్లో నలభైలో తెలియని వణుకు హైవే ఎక్కగానే వచ్చి, ఇంకాస్త వేగం పెంచితే తగ్గినట్టనిపిస్తే అది బ్యాలెన్స్ లోపమే కావచ్చు. ముందు చక్రాలదైతే స్టీరింగులో, వెనకవైతే సీటులో తెలుస్తుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూసినప్పుడు వణుకు కూడా చోటు మారితే లోపం చక్రంలోనే ఉందని తేలిపోతుంది. దీనికి మెషీను కూడా అక్కర్లేదు.

మిగిలిన వణుకుల గుర్తులు వేరు. కడప నుంచి రాయచోటి వెళ్లి వచ్చేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ దిగుడు తెలుసు. దిగినంతసేపూ కాలు బ్రేకు మీదే ఉంచితే డిస్కులు కాలిపోతాయి. ఆ తర్వాత బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగు అదిరితే, డిస్కు మందం అన్నిచోట్లా ఒకేలా లేదని అనుమానించాలి. నాలుగు చక్రాలకూ వెయిట్లు మార్చినా అది పోదు. మన సీమలో ఎక్కువగా కనిపించే స్కార్పియో, బొలెరో లాంటి బండ్లలో వెనక చక్రాలకు శక్తినిచ్చేది ప్రొపెల్లర్ షాఫ్ట్. దాని క్రాస్ అరిగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ అదురు మారుతుంది. వేగంతో పాటు పెరుగుతూ, మలుపులో ఒకవైపు హెచ్చే మోత బేరింగుది. ఇక అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. అలా అరిగాక ఆ టైరు అదరవచ్చు, కానీ అలైన్‌మెంట్ లోపమే నేరుగా వణుకు పుట్టించదు. అయినా అలైన్‌మెంట్‌నూ బ్యాలెన్సింగ్‌నూ ఒకే మాటగా అనడం మనకు అలవాటైపోయింది. పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించుకునే సరదా మరో చిక్కు తెచ్చింది. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదై, ఆ సందును పూడ్చే రింగు వేయకపోతే చక్రం సరిగ్గా నడిమధ్య కూర్చోదు. మెషీను మీద సున్నా చూపిన చక్రమే బండికి బిగించాక వణుకుతుంది.

మన నేలకూ ఈ వణుకుల్లో వాటా ఉంది. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి వానకు బంకలా అంటుకుంటుంది. రిమ్ము లోపలివైపు చేరి ఎండితే రాయే. దాన్ని గీకకుండా మెషీనుకు ఎక్కిస్తే మట్టి బరువుకు సరిపడా వెయిట్లు కొడతారు. కొన్నాళ్లకు మట్టి రాలిపోతుంది, వెయిట్లు మిగిలిపోతాయి. ముందు కడగాల్సిన చోట బిల్లు రాస్తున్నామన్నమాట. వేసవిలో గాలి వేడెక్కి టైరు పగులుతుందన్న భయంతో గాలి తగ్గించి తిరిగే అలవాటు ఇంకా ప్రమాదకరం. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. తెల్లవారుజామున, బండి నడవకముందు, కంపెనీ చెప్పినంత గాలి ఉండటమే సరైన లెక్క. నైట్రోజన్ నింపితే వణుకు పోతుందన్న మాట నమ్మక్కర్లేదు, మనం పీల్చే గాలిలోనే అది 78 శాతం ఉంది.

కడప, కర్నూలు ఎండల్లో అసలు భయపడాల్సింది ఇంకొకటి. టైరు లోపలి ఉక్కు తీగల పొర, పైనున్న ట్రెడ్ ఒకదాన్నొకటి వదిలేయడం. దానికి ముందు టైరు ఒకచోట ఉబ్బుతుంది, తక్కువ వేగంలోనే బండి ఎగిరెగిరి పడుతున్నట్టుంటుంది, రోజురోజుకూ అది ముదురుతుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది సరిగ్గా ఈ లోపం వల్లే. నడుస్తుండగా ట్రెడ్ ఊడి బండ్లు పల్టీలు కొట్టాయి. అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్కలో ఆ మరణాలు 271. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చింది టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల నుంచి. ఆ లోపం ఆ కంపెనీ టైర్లదే కావచ్చు, కానీ వేడి, తక్కువ గాలి, పాతబడిన రబ్బరు కలిస్తే ఏ టైరుకైనా ముప్పే. ఇలా పొర విడుతున్న టైరుకు వెయిట్లు కొడితే వణుకు కొన్ని రోజులు అణగవచ్చు. ఆ కొన్ని రోజుల్లోనే పిల్లలను కూర్చోబెట్టుకుని మైదుకూరు, నంద్యాల మీదుగా వంద వేగంలో వెళ్తాం. నా వాదనంతా ఈ ఒక్క ప్రమాదం చుట్టూనే ఉంది.

కొన్ని వందల రూపాయల పనికి ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. నిజమే, బ్యాలెన్సింగ్ ఖర్చు చిన్నది. కానీ అది అమ్మే ధీమా పెద్దది. ‘మొన్ననే చేయించాం’ అనే ధీమాతోనే కొత్త వణుకును పట్టించుకోకుండా వదిలేస్తాం. రోడ్లు బాగుచేయకుండా బండివాళ్లకు బుద్ధులు చెప్పడమేంటని ఇంకొందరంటారు. ఈ అభ్యంతరంలో బలముంది. సిమెంటు, నాపరాళ్లు మోసే లారీలు తిరిగే ఎర్రగుంట్ల, బేతంచర్ల దారుల్లో గుంతల అంచులు రిమ్ములను వంచుతాయి, టైరు లోపలి దారాలను తెంపుతాయి. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. అయితే రోడ్డు మారగానే పోయే అదురు రోడ్డుది, నున్నటి రోడ్డు మీదా వెంటవచ్చేది బండిది. గుంత పూడ్చినా తెగిన దారం అతుక్కోదు. ఇక అనుభవమున్న మెకానిక్కు చెయ్యి పెడితే తెలుస్తుందనే మాట. తెలుస్తుంది, సందేహం లేదు. కానీ బండి జాకీ మీద ఉండగా కాదు, అతను పక్కన కూర్చుని పది కిలోమీటర్లు తిరిగితే. ఆ పది కిలోమీటర్ల సమయానికి కూలి ఎవరిస్తున్నారు?

ఆ కూలి మనమే ఇవ్వాలి, విడిగా ఇవ్వాలి. ఓర్వకల్లు వైపు ఒకసారి నడిపి చూసి, చక్రం విప్పి కడిగి, ఖాళీగా తిప్పి రిమ్ము వంకర, టైరు ఉబ్బు చూసి, కారణం చెప్పినందుకు ఒక ధర ఉండాలి. వెయిట్లు అవసరం లేదని చెప్పినా ఆ ధర అతనికి దక్కాలి. అప్పుడే అవసరం లేదని చెప్పగలుగుతాడు. మెషీను ముందు ఎంత చూపింది, తర్వాత ఎంత చూపిందన్న అంకెలు చక్రాలవారీగా బిల్లు మీద ఉండాలి. ఒక చక్రానికి మరీ ఎక్కువ బరువు కావాల్సి వస్తే అక్కడ ఆగి టైరును, రిమ్మును అనుమానించడం షాపు బాధ్యత. చట్టం మీద భారం వేసి కూర్చునే వీలు మనకు లేదు. కార్ల టైర్ల ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ఉంది, కానీ సొంత కారుకు మొదటి 15 ఏళ్లలో ఫిట్‌నెస్ పరీక్షే లేదు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష తప్పనిసరి, అందులో టైర్లూ చూస్తారు. అలాంటి ఏర్పాటు మనకూ రావాలి. వచ్చేదాకా టైరు పక్కగోడ మీది నాలుగంకెలు చదవడం మన చేతిలో పనే. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. వణుకుతో వచ్చిన ప్రతి బండికీ షాపువాళ్లు ఆ నాలుగంకెలను, టైరు మీద ఉబ్బు ఉందో లేదో బిల్లులో రాసివ్వాలి. ఉబ్బు ఉంటే బ్యాలెన్సింగ్ చేయబోమని చెప్పాలి, అలా చెప్పిన షాపును వదిలి పక్క షాపుకు పోకుండా ఉండటం మన వంతు.